పాత కెమెరా లెన్సుల మరమ్మతు: ఉప్పుగాలి ఊరి నుంచి

ఫిలం కెమెరాల కాలంలో తయారై, ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చౌకగా దొరికే లెన్సులను విప్పి, గాజు తుడిచి, మరలకు కొత్త గ్రీజు పెట్టి, మళ్ళీ వాడుకలోకి తెచ్చే పనిని పాత లెన్సుల పునరుద్ధరణ అంటారు. చేతిపనిగా చూస్తే ఇది గడియారాల రిపేరుకు దగ్గరి చుట్టం. అయితే ఊరిని బట్టి లెన్సు జబ్బు మారుతుంది. పొడిగాలి ఊళ్ళలో గ్రీజు ఎండిపోయి ఫోకస్ రింగు బిగుసుకుపోవడం ప్రధాన సమస్య. విశాఖపట్నంలో ప్రధాన సమస్య బూజు. అక్కడి సీతమ్మధార పేటనే తీసుకుంటే ఒక వైపు కొండలు, మరోవైపు కొద్ది కిలోమీటర్ల దూరంలో బంగాళాఖాతం. నడివేసవిలోనూ గాలిలో చెమ్మ ఆరదు. కాబట్టి ఈ వ్యాసం లెన్సు జబ్బులన్నిటికీ సమానంగా చోటివ్వదు. తీరప్రాంతపు ఇంటికి అక్కరకొచ్చే వాటి దగ్గర ఎక్కువసేపు ఆగుతుంది.

గిరాకీ ఎలా తిరిగొచ్చింది

డిజిటల్ కెమెరాలు వచ్చాక ఫిలం కెమెరాలతో పాటు వాటి లెన్సులూ అటకెక్కాయి. వాటిని కిందికి దించింది మిర్రర్‌లెస్ కెమెరా. 2008లో పానసోనిక్ జీ1, 2010లో సోనీ నెక్స్, 2013లో సోనీ ఏ7 వచ్చాయి. పాత లెన్సులకు వీటితో కలిసొచ్చిన సంగతి కొలతల్లో ఉంది. లెన్సు బిగించే మౌంట్ నుంచి ఫిలం లేదా సెన్సర్ వరకు ఉండే దూరం ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు. నికాన్ ఎఫ్ మౌంట్‌కు 46.5 మి.మీ.; ఎం42 మరకు, పెంటాక్స్ కె మౌంట్‌కు 45.46; మినోల్టాకు 43.5, కెనాన్ ఎఫ్‌డీకి 42. సోనీ ఈ మౌంట్‌కు కేవలం 18. మధ్యలో అద్దం లేదు కాబట్టి అంత తక్కువ దూరం సరిపోయింది. తేడా ఎంతో అంత పొడవున్న లోహపు గొట్టం బిగిస్తే ఏ పాత లెన్సైనా కొత్త బాడీ మీద దూరపు కొండ దాకా ఫోకస్ అవుతుంది. అడాప్టర్ పేరుతో అమ్మేది ఆ గొట్టాన్నే. అందులో గాజు లేదు, కరెంటు లేదు, ఖరీదూ పెద్దగా లేదు.

ఇళ్ళలో ఉన్నవి, బజారులో దొరికేవి

దిగుమతులకు ప్రభుత్వ లైసెన్సులు కావలసిన కాలంలో కెమెరాల మీద ఆంక్షలు, భారీ సుంకాలు ఉండేవి. మధ్యతరగతి ఇంటికి చేరిన కెమెరా చాలాసార్లు బరోడాలో న్యూ ఇండియా ఇండస్ట్రీస్ తయారు చేసిన ఆగ్ఫా క్లిక్-3 అయి ఉండేది. కలకత్తాలోని ప్రభుత్వ సంస్థ నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ 'నేషనల్ 35' అనే కెమెరాను తెచ్చింది. వాటిలో వేసుకోవడానికి ఊటీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ఇందు ఫిలం దొరికేది. పెళ్ళిళ్ళు తీసే స్టూడియోల వాళ్ళ చేతుల్లో యాషికాలు, పెంటాక్స్ కె1000లు, నికాన్ ఎఫ్ఎం రకాలు కనిపించేవి. 1976 నుంచి 1997 దాకా పెద్దగా మార్పు లేకుండా తయారైన కె1000తో వచ్చే 50 మి.మీ. లెన్సు ఈ పని నేర్చుకునేవాళ్ళకు మంచి పలక. క్లిక్-3 జ్ఞాపకంగా దాచుకోవలసిన వస్తువు. దాని సాదా కటకాన్ని విప్పి నేర్చుకునేది ఏమీ ఉండదు.

ప్రపంచమంతటా చౌక లెన్సుల బజారును నిలబెట్టినవి మాత్రం సోవియట్ లెన్సులు. విశాఖకు సోవియట్ యంత్రాలు కొత్త కాదు. ఉక్కు కర్మాగారానికి సాంకేతిక సాయం 1979 ఒప్పందంతో ఆ దేశం నుంచే వచ్చింది. బీచ్ రోడ్డు మీద మ్యూజియంగా నిలిచిన కురుసుర జలాంతర్గామి కూడా అక్కడ తయారైందే. ఆ దశాబ్దాల్లోనే మాస్కో దగ్గరి క్రాస్నోగోర్స్క్ ఫ్యాక్టరీ జెనిత్ కెమెరాలను లక్షల్లో పోతపోసింది. ఒక్క జెనిత్-ఈ మోడలే 30 లక్షలు దాటింది. దానితో వచ్చిన హీలియోస్-44, జర్మనీలోని కార్ల్ జైస్ వారి 1930ల నాటి బయోటార్ 58 మి.మీ. లెన్సుకు వారసురాలు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మన్ నమూనాలు, యంత్రాలు నష్టపరిహారం కింద సోవియట్ దేశానికి తరలాయి. కీవ్‌లోని ఆర్సెనల్ ఫ్యాక్టరీ తయారు చేసిన కీవ్ కెమెరా నిజానికి జైస్ వారి కాంటాక్స్. ఖార్కోవ్ కెమెరా ఫెడ్ కథ మరీ చిత్రం. విద్యావేత్త మకరెంకో నడిపిన అనాథ పిల్లల కమ్యూనులో, లైకాకు నకలుగా, 1934లో అది మొదలైంది.

హీలియోస్‌కు ఈనాటి పేరు దాని లోపం తెచ్చిపెట్టింది. బొమ్మ వెనక ఆకులు, దీపాలు సుడి తిరిగినట్టు కనబడతాయి. అప్పటి ఇంజినీర్లు వదిలించుకోవాలనుకున్న ఆ గుణానికే ఇప్పుడు జనం డబ్బిస్తున్నారు. మరమ్మతు దృష్టితో దాని గొప్ప వేరే ఉంది. లోపల ప్లాస్టిక్ లేదు, వైర్లు లేవు, ఆరు గాజులు నాలుగు గుంపులుగా ఒకే దిమ్మలో ఉంటాయి. పాడుచేసినా మరొకటి దొరుకుతుంది. మొదటి లెన్సుగా విప్పి చూడదగింది ఇదే. నాలుగే గాజులున్న ఇండస్టార్-50 ఇంకా తేలిక. 1902లో పాల్ రుడాల్ఫ్ రూపొందించిన టెస్సార్ పద్ధతికి అది సోవియట్ రూపం.

చౌకగా దొరుకుతున్నాయి కదా అని 1980ల నాటి జూమ్ లెన్సుల మీద చెయ్యి వేయకూడదు. గాజులు ఎక్కువ, లోపల జారే గొట్టాలు ఎక్కువ, విప్పాక కుదిర్చే దారి తక్కువ. ఆటోఫోకస్ లెన్సుల్లోని సన్నటి రిబ్బన్ వైర్లు మరో తలనొప్పి.

బూజు

లెన్సులో ఫంగస్ అంటే లోపలి గాజు మీద సాలెగూటిలా, చెట్టు వేళ్ళలా పాకే సన్నని పోగులు. బీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. వాటిని రాకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. అవి మొలకెత్తాలంటే గాలిలో తేమ సుమారు 60 శాతం దాటి చాలాకాలం నిలవాలి, పైగా తినడానికి కొద్దిగా మేత కావాలి. వేలిముద్రలోని నూనె, దుమ్ము, గ్రీజు ఆవిరి, తోలు కేసు, ఏదైనా దానికి చాలు. చీకటి, కదలని గాలి తోడైతే ఇక అడ్డు లేదు. బీరువా అడుగు అరలో, బట్టల మడతల కింద, తోలు కేసులో బొత్తాం పెట్టి భద్రపరిచిన కెమెరాకు ఈ హంగులన్నీ సమకూరతాయి. ఇంట్లో ఎంత భద్రంగా దాస్తే అంత తొందరగా చెడే వస్తువుల్లో లెన్సు ఒకటి.

ఏసీ గదుల వల్ల మరో చిక్కు వచ్చింది. మే నెలలో బయట 34 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్నప్పుడు గాలిలోని ఆవిరి నీరుగా మారే ఉష్ణోగ్రత సుమారు 28 డిగ్రీలు. 24 డిగ్రీల గదిలోంచి కెమెరాను నేరుగా బాల్కనీలోకి తెస్తే గాజు మీద మంచు పడుతుంది. పైన పడ్డది తుడవొచ్చు, సందుల్లోంచి లోపలికి చేరినది తుడవలేం. కెమెరాను జిప్ కవరులో పెట్టి బయటికి తెచ్చి, అది బయటి వేడికి అలవాటు పడ్డాక కవరు తీయడం దీనికి సులువైన మందు.

ఫంగస్ తనంతట తాను గాజును పగలగొట్టదు. అది వదిలే సేంద్రియ ఆమ్లాలు ముందు గాజు మీది పలుచని పూతను, అంటే కోటింగును, తర్వాత గాజునే తినేస్తాయి. అందుకే కొత్తగా పట్టిన బూజును తుడిస్తే పూర్తిగా పోతుంది. ఏళ్ళ తరబడి ఉన్నది తుడిచాక కూడా పోగుల ఆకారంలో మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ మురికి కాదు, గాజులో పడ్డ గుంట. దాన్ని రుద్దినకొద్దీ చుట్టుపక్కల కోటింగు పోతుంది తప్ప మచ్చ పోదు. ఎక్కడ ఆపాలో తెలియడమే ఈ పనిలో సగం నేర్పు.

శుభ్రం చేసే పద్ధతి ఇది. ముందు గాలి బల్బుతో దుమ్ము ఊదాలి. దుమ్ముండగా గుడ్డ తగిలిస్తే గీతలు ఖాయం. పోర్టుకు దగ్గరి పేటల్లో బొగ్గు, ఇనుప ఖనిజం పొడి గాలిలో ఉంటుంది కాబట్టి అక్కడ ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. తరువాత సెల్‌ఫోన్ రిపేరు వాళ్ళు బోర్డులు కడగడానికి వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను లెన్సు కాగితం మీద ఒకటి రెండు చుక్కలు వేసి, మధ్య నుంచి అంచుకు గుండ్రంగా తుడవాలి. ద్రవాన్ని గాజు మీద పోయకూడదు. అంచు సందులోకి దిగితే అక్కడే నిలిచిపోతుంది. దీనికి లొంగని బూజుకు మందుల షాపులో దొరికే పలుచని హైడ్రోజన్ పెరాక్సైడ్, పలుచని అమ్మోనియా సమపాళ్ళలో కలిపి కొద్ది నిమిషాలు పట్టించి, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కడగడం పాత పద్ధతి. కిటికీలు తెరిచి చేయాలి. పెరాక్సైడ్ లేదు కదా అని బట్టల బ్లీచును అమ్మోనియాలో కలిపితే విషవాయువు పుడుతుంది. ఆ ప్రయోగం ఎవరూ చేయకూడదు. రెండు గాజులు అతికి ఉన్న జంటను ఏ ద్రవంలోనూ నానబెట్టకూడదు.

బూజు పట్టిన లెన్సు పక్కన ఉంటే మిగతావాటికి అంటుకుంటుందన్న భయం చాలామందికి ఉంది. బీజాలు ముందే అంతటా ఉన్నాయి కనుక ఆ భయంలో పస తక్కువ. ఒకే డబ్బాలో ఒకదానికి పట్టిందంటే ఆ డబ్బాలో చెమ్మ ఉందని అర్థం. వెలివేయాల్సింది చెమ్మను. మరికొందరు బూజు చస్తుందని లెన్సును ఎండలో పెడతారు. ఎండకు గ్రీజు కరిగి గాజు మీదికి పాకుతుంది. అదీ కాక లెన్సు భూతద్దం కూడా; వెనక కాగితమో పరుపో ఉంటే అంటుకుంటుంది.

గాజులో ఇతర జబ్బులు

మసక రెండో పెద్ద జబ్బు. పాత గ్రీజులోని నూనె ఏళ్ళ తరబడి ఆవిరై లోపలి గాజు మీద పొగమంచులా పేరుకుంటుంది. మామూలు వెలుతురులో కనబడదు, దీపానికి ఎదురుగా తీసిన ఫోటో వెలిసిపోయినట్టు వస్తుంది. తుడిస్తే చాలాసార్లు పోతుంది. ఈ పనిలో తక్కువ కష్టానికి ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే.

కోటింగు గురించి కొంత తెలిసి ఉంటే అనవసరపు బెంగలు తగ్గుతాయి. పూత లేని గాజు ఉపరితలం ఒక్కొక్కటి తన మీద పడ్డ వెలుగులో 4, 5 శాతాన్ని వెనక్కి తిప్పికొడుతుంది. హీలియోస్‌లాంటి నాలుగు గుంపుల లెన్సులో గాలి తగిలే ఉపరితలాలు ఎనిమిది. పూతే లేకపోతే దాదాపు 30 శాతం వెలుగు దారిలోనే పోతుంది. 1890లలో ఇంగ్లండులో డెన్నిస్ టేలర్ ఒక విచిత్రం గమనించాడు: పాతబడి నీలిరంగు తిరిగిన లెన్సు, కొత్తదాని కంటే ఎక్కువ వెలుగు పంపుతోంది. 1935లో జైస్ శాస్త్రవేత్త స్మకూలా శూన్యంలో పలుచని పూత వేసే పద్ధతి కనిపెట్టడంతో అది పరిశ్రమ అయింది. ఈ లెక్కను బట్టి ఒక్క ఉపరితలం మీద కోటింగు కొంత చెడితే పోయే వెలుగు అత్యల్పం. ముందు గాజు మీద గీతలు చూసి బేరం వదులుకోనక్కర లేదు. వెనక గాజు మీది గీతలకే ఎక్కువ జంకాలి.

అతుకు విడిపోవడం ఇంకో రకం. పాతకాలంలో గాజుల జంటలను కెనడా బాల్సం అనే ఫర్ చెట్టు జిగురుతో అతికేవారు. అది ఎండితే అంచుల్లో ఇంద్రధనుస్సు రంగులో, మంచు పువ్వుల్లాంటి మరకలో కనబడతాయి. నెమ్మదిగా వేడి చేసి విడదీసి, యూవీ దీపానికి గట్టిపడే జిగురుతో మళ్ళీ అతికేవాళ్ళు ఉన్నారు. రెండు గాజుల మధ్యబిందువులు వెంట్రుకవాసి తప్పకుండా కుదరాలి. చౌక లెన్సుకు ఈ శ్రమ దండగ.

పసుపు రంగు తిరిగిన లెన్సు దొరికితే మాత్రం అదృష్టం అనుకోవచ్చు. పెంటాక్స్ వారి సూపర్ టకుమార్ 50 మి.మీ. ఎఫ్ 1.4 వంటి కొన్ని లెన్సుల్లో వక్రీభవనం పెంచడానికి గాజులో థోరియం కలిపారు. దాని రేడియోధార్మికతకు గాజే క్రమంగా టీ రంగుకు మారుతుంది. తెలియని అమ్మకందారు పాడైందని తక్కువకే ఇస్తాడు. యూవీ దీపం కింద కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలు ఉంచితే రంగు చాలావరకు విరుగుతుంది. కెమెరాకు బిగించి వాడితే శరీరానికి తగిలే రేడియేషన్ స్వల్పం. ఆ గాజును అరగదీయడం, దిండు పక్కన పెట్టుకోవడం మాత్రం కూడదు.

విప్పడం, బిగించడం

మొదటి గండం స్క్రూ దగ్గరే. జపాన్ లెన్సుల్లోని ప్లస్ గుర్తు స్క్రూ జపాన్ ప్రమాణం ప్రకారం చేసింది. మన హార్డ్‌వేర్ షాపు స్టార్ స్క్రూడ్రైవర్ దానిలో పూర్తిగా కూర్చోదు. తిప్పగానే జారి తలను గుండ్రంగా అరగదీస్తుంది. సముద్రగాలికి తుప్పు పట్టిన స్క్రూ అయితే అంతే సంగతులు. ఫ్యాక్టరీలో లక్క చుక్క వేసి బిగించిన స్క్రూలకు ఒక చుక్క అసిటోన్ తగిలించి కాసేపు ఆగాలి, లేదా సోల్డరింగ్ ఐరన్ మొన ఆనించి వేడి చేయాలి. అసిటోన్ పెయింటును, ప్లాస్టిక్‌ను, బాల్సంను కరిగిస్తుంది కాబట్టి చుక్క అంటే చుక్కే. ముందువైపు పేరు చెక్కిన రింగుకు చాలా లెన్సుల్లో గాడులుండవు. దాని కొలతకు సరిపడే రబ్బరు బిరడా ఆనించి తిప్పితే వస్తుంది. గాడులున్న రింగులకు రెండు మొనల స్పానర్ కావాలి. దాని బదులు కత్తెర మొనతో తిప్పబోయి గాజు మీద గీత పెట్టినవాళ్ళ లెన్సులే సెకండ్ హ్యాండ్ బజారులో సగం కనబడతాయి.

ప్రతి మెట్టులోనూ సెల్‌ఫోన్‌తో ఫోటో తీసుకోవాలి. గాజు ఏ వైపు ముందుకో అంచు మీద పెన్నుతో గుర్తు పెట్టాలి. ఫోకస్ రింగు కింద ఉండే హెలికాయిడ్ మరకు ఒకటి కాదు, చాలా మొదళ్ళుంటాయి. రెండు గొట్టాలూ ఎక్కడ విడిపోయాయో గీత గీసుకోకపోతే మళ్ళీ ఎక్కించేటప్పుడు ప్రతి మొదలూ సరైనదిలాగే అనిపిస్తుంది, ఒక్కదానితోనే ఫోకస్ కుదురుతుంది. పాత గ్రీజును లైటర్‌లో పోసే పెట్రోలుతో పూర్తిగా కడిగాకే కొత్తది పెట్టాలి. లెన్సుల కోసం అమ్మే చిక్కటి డ్యాంపింగ్ గ్రీజే వాడాలి. కుట్టు మిషన్ నూనె, కొబ్బరి నూనె, వాజలీన్ పెడితే రింగు ఆ రోజుకు వెన్నలా తిరుగుతుంది. విశాఖ ఎండకు ఆ నూనె కారి, లోపలికి వచ్చే వెలుగును తగ్గించే పలుచని రేకులకు, అంటే అపర్చర్ బ్లేడ్లకు చేరుతుంది, ఆవిరై గాజుకు పడుతుంది. రెండేళ్ళలో రెండు జబ్బులు.

అపర్చర్ బ్లేడ్లకు అసలు నూనె అక్కర్లేదు. అవి ఎండుగానే పనిచేయాలి. ఫిలం కెమెరాలో బటన్ నొక్కిన క్షణంలో బ్లేడ్లు టపీమని మూసుకోవాలి కాబట్టి కొద్ది జిడ్డు ఉన్నా ఫోటో ఎక్కువ వెలుగుతో చెడిపోయేది. అడాప్టర్‌తో మిర్రర్‌లెస్ మీద వాడేటప్పుడు అపర్చర్ ముందే చేత్తో తిప్పి పెట్టుకుంటాం. బ్లేడ్లు మందకొడిగా కదిలినా నష్టం లేదు. 'బ్లేడ్లకు ఆయిల్ ఉంది' అని ధర తగ్గించిన లెన్సు మిర్రర్‌లెస్ వాడేవాడికి లాభసాటి బేరం.

బిగించాక పరీక్ష ఒకటుంది: దూరపు వస్తువు మీద స్ఫుటంగా ఫోకస్ అవుతోందా? విశాఖలో దీనికి కొరత లేదు. బీచ్ నుంచి డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్ గానీ, హార్బరు బయట లంగరేసిన ఓడల అంచులు గానీ చాలు. అనంతం గుర్తుకు కొంచెం ముందే స్ఫుటమైతే కంగారు పడనక్కర లేదు. చౌక అడాప్టర్లను కావాలనే వెంట్రుకవాసి పొట్టిగా చేస్తారు. గుర్తు దగ్గరికి వచ్చినా ఫోకస్ కుదరకపోతేనే హెలికాయిడ్ తప్పు మొదలులో ఎక్కిందో, పలుచని వాషర్ ఏదైనా బల్ల మీద మిగిలిపోయిందో చూడాలి.

కొనేముందు

సెల్‌ఫోన్ టార్చి వెనక నుంచి వేసి చూడటం అందరికీ తెలిసిన పరీక్షే. ఆ వెలుగులో కొత్త లెన్సు కూడా చెత్తకుండీలాగే కనబడుతుంది. దుమ్మును చూసి భయపడకూడదు. పోగులు, మసక, రంగుల అంచు ఉన్నాయేమో చూడాలి. తరువాత ఆకాశం వైపు పట్టి చూడాలి. ఫోకస్ రింగు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి, స్క్రూల తలలు గమనించాలి. తలలు అరిగి ఉంటే ఎవరో ముందే లోపలికి వెళ్ళి వచ్చారని అర్థం. అలాంటిది చౌకగా వచ్చినా వద్దు. విశాఖలో కెమెరా షాపులు జగదాంబ, డాబాగార్డెన్స్ చుట్టుపక్కల ఉన్నాయి. పాత సామాను, విడిభాగాలు ఎక్కువ కావాలంటే హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ దాకా వెళ్ళాలి.

దాచడం

బాగుచేసిన లెన్సును మళ్ళీ అదే బీరువాలో పెడితే పడిన శ్రమంతా వృథా. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. కరెంటుతో నడిచే డ్రై క్యాబినెట్ సుఖమైన దారి. రబ్బరు అంచున్న ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు పెట్టుకుంటే చౌకలో అదే పని జరుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గంటకు 185 కిలోమీటర్ల గాలులతో విశాఖ మీద విరుచుకుపడ్డప్పుడు నగరానికి రోజుల తరబడి కరెంటు లేదు. ఏసీలు, క్యాబినెట్లు ఆగిపోయినా సిలికా జెల్‌కు కరెంటుతో పనిలేదు. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే చెమ్మ నిండినట్టు. 120 డిగ్రీల దగ్గర వేడిచేస్తే మళ్ళీ పనికొస్తాయి. నీలం రంగు కోబాల్ట్‌ది, విషం కనుక వంట మూకుడులో వేడిచేయకూడదు. నారింజ రంగు రకం మేలు. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల లెన్సుకు తవుడు పడుతుంది తప్ప ఒరిగేదేమీ లేదు. కలరా ఉండలు మరీ ప్రమాదం. కెమెరా కంపెనీలే నాఫ్తలీన్, కర్పూరం దగ్గర లెన్సులు ఉంచవద్దని చెబుతాయి. అన్నిటికంటే మంచి మందు వాడకం. నెలకోసారైనా బయటికి తీసి, రింగులు తిప్పి, వెలుగు చూపిస్తే బూజుకు స్థిరపడే సమయం దొరకదు.

ఇంట్లో పెద్దవాళ్ళ నాటి కెమెరా తోలు కేసులో ఉంటే, విప్పే పనిముట్లు కొనే ముందు దాన్ని ఆ కేసులోంచి బయటికి తీసి వేరే డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టండి. తోలు కేసు ముచ్చటగా ఉంటే షోకేసులో విడిగా పెట్టుకోండి.